నిరీక్షణ ధర్మము

మానవ జీవితములో ఎక్కువ భాగము ఏదో ఒకదాని కొఱకు ఎదురుచూచుటలోనే గడచుచున్నది. విత్తనము చల్లిన రైతు వానకు ఎదురుచూచును. పరదేశమున నున్న బిడ్డ కబురునకు తల్లి ఎదురుచూచును. కొండకు వచ్చిన యాత్రికుడు శ్రీవారి దర్శనమునకు ఎదురుచూచును. ఎదురుచూపు లేని జీవుడు లేడు. అయినను ఎదురుచూపులన్నియు ఒక్క తీరుగా నుండవు. కొన్ని వాకిళ్ళ ముందు నిలిచినవారందఱికిని ప్రవేశము కలదు. ముందు వెనుకల భేదము మాత్రమే. మఱికొన్ని వాకిళ్ళ ముందు నిలిచినవారిలో కొందఱికే ప్రవేశము; తక్కినవారు తిరిగి పోవలసినదే.

తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు గదులలో కూర్చున్న భక్తులను గమనింపుడు. గంటలు గడచును. పసిపిల్లలు ఏడ్చుదురు, వృద్ధులు అలసిపోవుదురు. కాని ముందు గదివారిని వదలినారని తెలియగానే వెనుక గదివారు కూడ ‘గోవిందా’ యని ఎలుగెత్తి పలుకుదురు. ముందువాని దర్శనము వెనుకవాని దర్శనమును తగ్గింపదు. ఒకరి కదలిక అందఱి కదలిక. అందుచేతనే ఆ ఎదురుచూపులో అలసట ఉన్నను అసూయ లేదు.

రెండవ విధమైన వాకిలి వద్ద మనస్సు వేఱు విధముగా ప్రవర్తించును. అచ్చట ముందువాడు కదలినచో వెనుకవాని గుండె జారును. ఉద్యోగము, బదిలీ, కళాశాలలో సీటు - ఇవి యన్నియు అట్టి వాకిళ్ళే. నేడు పెక్కు తెలుగు గృహములకు నిద్ర లేకుండ చేయుచున్న అట్టి వాకిలి విదేశ విశ్వవిద్యాలయములలో ప్రవేశము. అందును, పదిమందికి మేలు చేయుటకై నేర్చుకొనెడి విద్యను కోరి ఎదురుచూచువారి స్థితి విశేషముగా విచారింపదగినది. పరుల మేలు కోరి బయలుదేరినవారు పరులకంటె ముందు తాము లోనికి పోవలెనని ప్రార్థించుచుందురు. ఇందులోని ధర్మమేమి?

కోరిన విద్య

ఆ విద్యకు పబ్లిక్ పాలసీ యని పేరు. తెలుగున ప్రజా విధాన శాస్త్రము అనవచ్చును. ప్రభుత్వము ఏ పనిని తలపెట్టవలెను, అందుకు ధనము ఎచ్చటినుండి రావలెను, ఎవరికి ఎంత చెందవలెను, ఇచ్చినది చేరినదో లేదో ఎట్లు తెలిసికొనవలెను - ఈ ప్రశ్నలను అర్థశాస్త్రము, గణాంక శాస్త్రము, న్యాయశాస్త్రము, నీతిశాస్త్రముల సాయముతో పరిశీలించు విద్య యిది. పాలనా విద్యకై అమెరికాలో సిరక్యూస్ విశ్వవిద్యాలయమున మాక్స్‌వెల్ స్కూలు 1924లో నెలకొల్పబడినది. హార్వర్డు విశ్వవిద్యాలయమున 1936లో స్థాపింపబడిన పాలనా విద్యాలయమునకు 1966లో కెన్నెడీ అధ్యక్షుని పేరు పెట్టబడినది. సింగపూరులో లీ క్వాన్ యూ పేరిట 2004లో ఇట్టి విద్యాలయము వెలసినది. మన దేశమున బెంగుళూరులోని నేషనల్ లా స్కూలులో 2014లో ఈ విషయమున స్నాతకోత్తర విద్య మొదలైనది. ఇంజనీరింగు, వైద్యము తప్ప వేఱు దారి లేదని తలచిన ఇండ్లనుండియు కొందఱు యువతీయువకులు నేడు ఈ దారి పట్టుచున్నారు.

అమెరికాలోని విద్యాలయములకు దరఖాస్తులు సాధారణముగా డిసెంబరు, జనవరి నెలలలో పంపవలెను. తన జీవిత ధ్యేయమును తెలుపు వ్యాసము, తన్ను బాగుగ నెఱిగిన గురువులో పై అధికారులో వ్రాసిన సిఫారసు లేఖలు, మార్కుల పట్టికలు, ఆంగ్ల పరీక్ష ఫలితము - ఇవి సమర్పింపవలసినవి. జి.ఆర్.ఇ. అను పరీక్షను 2020 తరువాత పెక్కు విద్యాలయములు విద్యార్థి ఇష్టమునకు విడిచినవి. ఇవి యన్నియు పంపిన పిమ్మట అభ్యర్థి చేయదగిన పని ఏమియు లేదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో సమాధానములు వచ్చును. అవి మూడు విధములు: చేర్చుకొనుచున్నాము అనునది ఒకటి, చేర్చుకొనజాలము అనునది రెండవది, వెయిటింగు లిస్టులో ఉంచితిమి అనునది మూడవది. ఈ మూడవ దానిలో నిరీక్షణమునకు ఫలము మఱికొంత నిరీక్షణమే. ఆర్థిక సహాయముతో కూడిన ఆహ్వానమును అంగీకరించుటకు విద్యార్థికి ఏప్రిల్ 15 వఱకు గడువు ఇయ్యవలెనని అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయములు తమలో తాము ఒక ఒడంబడిక చేసికొన్నవి. రెండు మూడు చోట్ల స్థానము దొరికినవారు ఒకటి యుంచుకొని తక్కినవి వదలినగాని వెనుకనున్నవారికి కదలిక లేదు.

అమెరికా తూర్పు తీరమున సాయంకాలము 5 గంటలైనపుడు చలికాలమున మన దేశమున తెల్లవారుజాము 3 గంటల 30 నిమిషములు. ఇంటిలోని పెద్దలు సుప్రభాతమునకు లేచు వేళకు పిల్లలు సెల్‌ఫోను వెలుగులో ముఖములు వంచుకొని కూర్చుండియుందురు. ఒకనాడు ఏ కబురు లేదు. ఆ లేకపోవుటకు వేయి అర్థములు. పంపిన వ్యాసమును మఱల చదువుకొందురు. అంతవఱకు కనబడని తప్పు అప్పుడు కనబడును. ఎవరికో వచ్చినదని విందురు. తమకు రాలేదు గనుక ఇక రాదనుకొందురు. మౌనమునకు అర్థము వెదకుటలో మనస్సు తన్ను తానే తినును.

ఒక గృహములో

అట్టి గృహమొకటి. తాతగారు పల్లెలో ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. నిత్యము రామాయణము పారాయణ చేయు శ్రీవైష్ణవులు. మనుమరాలు డిగ్రీ ముగించి, పల్లెలలో వృద్ధుల పెన్షన్ల విషయమున సాయపడు ఒక స్వచ్ఛంద సంస్థలో రెండేండ్లు పనిచేసినది. ఆ పని చూచియే ఆమెకు ఈ విద్యపై ఆసక్తి కలిగినది. నాలుగు విద్యాలయములకు దరఖాస్తు పంపినది. ఆమెతో కలిసి పనిచేసిన స్నేహితురాలును అందొకదానికి పంపినది. తల్లి హైదరాబాదు చెంతనున్న చిలుకూరు బాలాజీ సన్నిధికి పోయి పదకొండు ప్రదక్షిణములు చేసి వచ్చినది. కోరిక నెఱవేరినచో నూట ఎనిమిది చేయుట అచ్చటి భక్తుల ఆచారము. విదేశ ప్రయాణమునకు వీసా కోరువారు విశేషముగా వచ్చుటచే ఆ స్వామికి వీసా బాలాజీ యని పేరు వచ్చినది.

ఒకనాటి తెల్లవారుజామున తాతగారు స్నానమునకు లేచి చూడగా మనుమరాలు హాలులో ఫోను పట్టుకొని కూర్చున్నది.

“నిద్రపోలేదా, తల్లీ?”

“పట్టలేదు తాతయ్యా. ఈ రాత్రి కూడా ఏమీ రాలేదు.” కొంతసేపు ఊరకుండి ఆమె మఱల అన్నది: “అమ్మ నా కోసం మొక్కుకుంది కదా. ఆ సీట్లు కొన్నే. నాకు రావాలంటే ఇంకెవరికో రాకూడదు. ఆ ఎవరో నా స్నేహితురాలే కావచ్చు. వాళ్ళమ్మ కూడా ఏ గుడిలోనో మొక్కుకునే ఉంటుంది. స్వామి ఎవరి మాట వినాలి తాతయ్యా?”

తాతగారు వెంటనే బదులు పలుకలేదు. స్నానము, తిరువారాధనము ముగించి, తీర్థము ఆమె చేతిలో పోసి అప్పుడన్నారు: “స్వామి ఎవరి మాట వింటాడో చెప్పడానికి నేనెంతటివాణ్ణమ్మా! కాని ఆయన దగ్గర మనం ఏం అడుగుతున్నామో మనకు తెలియాలి. ముందు అది చూసుకో.”

ఏమి కోరవలెను?

తాతగారి మాట లోతైనది. పరిమితమైన స్థానముల కొఱకు చేయు ప్రార్థనలో మూడు కోరికలు కలిసియుండును. మొదటిది, ఎదుటివానికి రాకూడదనునది. దీనిని ఎవరును నోటితో పలుకరు. కాని తోటివానికి లేదని తెలిసినపుడు గుండెలో ఒక చిన్న ఊరట కలిగినచో, ఆ ప్రార్థన లోపల జరుగుచున్నదని గ్రహింపవలెను. ఇది విడువదగినది. రెండవది, నాకు కావలెననునది. ఇది సహజము. బిడ్డ తల్లిని అడుగుట పాపము కాదు. తల్లి బిడ్డ కొఱకు ప్రదక్షిణము చేయుట అంతకంటెను కాదు. అయితే అడిగినది ఇయ్యని తల్లి తల్లి కాకపోదని బిడ్డకు తెలిసియుండవలెను. మూడవది, వచ్చినను రాకున్నను చేయదలచిన మంచిని చేయు శక్తి కావలెననునది. ఈ కోరిక ఎవరి పాలును తగ్గింపదు. ఇది ఇద్దఱు తల్లులును ఒక్క సన్నిధిలో ప్రక్కప్రక్కన నిలిచి కోరదగినది. క్యూలోని దర్శనము వలె ఒకరికి దొరకినందువలన మఱొకరికి తరుగనిది ఇదొక్కటే.

భగవద్రామానుజుల అనంతరము ఆచార్యులు జీవుని ప్రయత్నమునకును భగవంతుని కృపకును గల సంబంధమును రెండు దృష్టాంతములతో వివరించినారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొనును. పిల్లికూన ఏమియు చేయదు. తల్లియే నోట కఱచుకొని పోవును. జీవుని పట్టు ఎంతవఱకు కావలెనను విషయమున సంప్రదాయములో భేదమున్నది. కాని ఈ రెండు దృష్టాంతములందును సమానమైన విషయమొకటి కలదు: తల్లి ఏ కొమ్మకు దూకవలెనో, ఏ మూలకు చేర్చవలెనో పిల్ల నిర్ణయింపదు. అభ్యర్థికి ఈ రెండును పాఠములే. దరఖాస్తు పంపువఱకు కోతిపిల్ల పట్టు అవసరము. అప్పుడు అశ్రద్ధ చేసి దైవముపై భారము వేయుట భక్తి కాదు, సోమరితనము. పంపిన పిమ్మట పిల్లికూన నిశ్చింత అవసరము. అప్పుడును పట్టు విడువక రాత్రింబవళ్ళు గింజుకొనుట శ్రద్ధ కాదు, అవిశ్వాసము.

ఇచ్చట ఒక హెచ్చరిక కూడ అవసరము. ప్రవేశ నిర్ణయము చేయు సంఘము భగవంతుడు కాదు. వారు మనుష్యులు. వందల కొలది వ్యాసములు చదివి, దేశములు, అనుభవములు, తరగతి అవసరములు చూచి, ఉన్న స్థానములకు సరిపడునంత మందిని ఏరుకొందురు. వారు వద్దన్నచో ఆ సంవత్సరము, ఆ తరగతికి, ఆ కాగితములను బట్టి వద్దన్నారని మాత్రమే అర్థము. ఒక జీవుని విలువను తూచు త్రాసు వారి చేతిలో లేదు. చేర్చుకొన్నచో గర్వించుటయు, కాదన్నచో తన్ను తాను నీచముగా తలచుటయు, రెండును మనుష్యుల ఉత్తరువునకు దైవనిర్ణయమను పేరు పెట్టుటయే.

దైవమనరాని ఆలస్యము

ఆ మనుమరాలు పనిచేసిన పల్లెలో ఒక వృద్ధురాలు కలదు. జీవితమంతయు పొలములలో కూలి చేసినది. ఆమె వ్రేళ్ళ గీతలు అరిగిపోయినవి. పెన్షను ఇచ్చు యంత్రముపై వ్రేలు ఉంచగా గుర్తు కలియదు. మూడు నెలలుగా ఆమెకు పైకము లేదు. ఆఫీసునకు పోయినచో రేపు రమ్మందురు. రేపు పోయినచో సంబంధించినవారు లేరందురు. అరుగుపై కూర్చుండి ఆమె అనును: “నా రాత, తల్లీ. దేవుడు ఇంతే రాశాడు.”

మనుమరాలి ఎదురుచూపును, వృద్ధురాలి ఎదురుచూపును ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను. మొదటిది ఫలింపనిచో ఒక సంవత్సరము ఆలస్యమగును, మనస్సు నొచ్చును. రెండవది ఫలింపనిచో పొయ్యి వెలుగదు. మొదటి దానిలో స్థానములు కొన్నియే గనుక ఎవరో ఒకరు తిరిగి పోక తప్పదు. రెండవ దానిలో పెన్షను అర్హులందఱికిని ఉద్దేశింపబడినది. ఒకరికి ఇచ్చుటవలన మఱొకరికి లేకపోదు. అచ్చట ఆలస్యమునకు కారణము యంత్రము, అశ్రద్ధ, అడుగువారు లేకపోవుట. దీనిని దైవమనుట దైవమునకు అపచారము. మనుష్యులు చేసిన చిక్కును మనుష్యులే విప్పవలెను.

కావున నిరీక్షణమునందలి ధర్మము ఇది: తన ఎదురుచూపునందు సహనము, పరుల ఎదురుచూపునందు అసహనము. లోకములో సాధారణముగా దీనికి విపరీతము కనబడుచుండును. తమ పని ఒక్కనాడు జాగైనచో ఉడికిపోవువారే ఇతరుల కష్టము కంటబడినపుడు ‘అంతా కర్మ’ యని వేదాంతము చెప్పుదురు. వైరాగ్యము తన విషయమున భూషణము. ఎదుటివాని ఆకలి విషయమున అది కఠినత్వము.

శ్రీరాముని ప్రశ్నలు

చిత్రకూటమున భరతుడు కన్నీటితో పాదములపై పడినపుడు శ్రీరామచంద్రుడు అతనిని లేవనెత్తి, ఒడిలో కూర్చుండబెట్టుకొని రాజ్యమును గూర్చి వరుసగా ప్రశ్నలు వేసినాడు. వాల్మీకి అయోధ్యాకాండలో ఒక సర్గము ఇంచుమించుగా అంతయు ఈ ప్రశ్నలే. మంత్రులు ఎట్టివారు? సేద్యము, పశుపాలనము చేయువారు సుఖముగా నున్నారా? చేయని నేరమునకు నిందపడినవారి కన్నీరు ఎవరైన తుడుచుచున్నారా? వాటిలో ఒక ప్రశ్న విశేషముగా గమనింపదగినది. సైనికులకు రావలసిన భత్యమును, జీతమును సకాలమున ఇచ్చుచున్నావా, ఆలస్యము చేయుట లేదు కదా యని అడిగినాడు. ఆలస్యమైనచో పనివారికి ప్రభువుపై కోపము పుట్టుననియు, అది గొప్ప అనర్థమనియు హెచ్చరించినాడు. తాను నారచీరలు కట్టి పదునాలుగేండ్ల వనవాసమును చిరునవ్వుతో అంగీకరించిన స్వామి, ఒక భటుని జీతము ఆలస్యమగుటను మాత్రము సహింపలేదు! తన విషయమున అపారమైన సహనము. పరుల విషయమున ఒక్కనాటి జాగునకును ప్రశ్న.

మన కాలపు శాసనములలోను ఈ భావము కొంత కనబడుచున్నది. 2005లో చేయబడిన సమాచార హక్కు చట్టము, అడిగిన పౌరునికి సాధారణముగా 30 దినములలో సమాధానము ఇయ్యవలెనని గడువు పెట్టినది. అదే సంవత్సరమున చేయబడి, 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభింపబడిన గ్రామీణ ఉపాధి హామీ, పని చేసిన 15 దినములలోగా కూలి చెల్లింపవలెనని ఆదేశించినది. ఆలస్యమైనచో పరిహారము కూడ ఇయ్యవలెనన్నది. గడువు పెట్టుట యనగా, ఎదురుచూచువాని కాలమునకు విలువ కలదని ప్రభువు ఒప్పుకొనుటయే. వ్రాసిన గడువు ప్రతిచోట పాటింపబడలేదన్నది వేఱు సంగతి. దానిని పాటింపజేయుటయే ఆ విద్యను అభ్యసింపగోరువారి పని.

నందిగ్రామము

నిరీక్షణమునకు భరతునికంటె గొప్ప ఆచార్యుడు లేడు. పాదుకలను శిరసున దాల్చి నందిగ్రామమునకు పోయి, జటావల్కలములు ధరించి, పదునాలుగేండ్లు అన్నగారి కొఱకు ఎదురుచూచినాడు. అయితే అతడు వాకిలివైపు చూచుచు ఊరక కూర్చుండలేదు. పాదుకల పేర రాజ్యమును పాలించినాడు. శ్రీరాముడు మఱలి వచ్చినపుడు, కోశము, ధాన్యాగారము, సైన్యము పదిరెట్లు పెరిగినవనియు అది అంతయు స్వామి తేజస్సు వలననే యనియు విన్నవించి అప్పగించినాడు. ఎదురుచూచు కాలము అతనికి ఖాళీ కాలము కాలేదు, అదే సేవాకాలమైనది.

ఎదురుచూడబడువారికి కూడ ఒక ధర్మము కలదని అదే కథ తెలుపుచున్నది. గడువు దాటినచో భరతుడు ప్రాణములు నిలుపుకొనడు. శ్రీరాముడు భరద్వాజాశ్రమమున నిలిచి, తాను చేరుటకు ముందే హనుమంతుని నందిగ్రామమునకు పంపినాడు. సర్వేశ్వరుడే తన కొఱకు ఎదురుచూచువానికి ముందుగా కబురు పంపినాడు. ఇక ఆఫీసు బల్ల వెనుక కూర్చున్నవారి మాట ఏమి? ఔనన్నను కాదన్నను, సకాలమున ఒక మాట చెప్పి పంపుట దయాధర్మములలో మొదటిది.

మార్చి చివరకు ఆ యింటికి మూడు సమాధానములు వచ్చినవి. రెండింటిలో లేదు. స్నేహితురాలికి ప్రవేశము లభించిన విద్యాలయములో ఈమెకు వెయిటింగు లిస్టు. నాల్గవ చోటునుండి ఇంకను కబురు లేదు. స్నేహితురాలికి ఫోను చేసి అభినందించునపుడు ఆమె గొంతు మొదట పెగలలేదు. తరువాత పెగలినది, ఆ తరువాత మాటలలో కపటము లేకపోయినది. తల్లి నూట ఎనిమిది ప్రదక్షిణములకు ఇంకను వేళ రాలేదు.

మఱునాటి ఉదయము ఆమె ఫోను బల్లపై పెట్టి చెప్పులు తొడుగుకొనుచుండగా తాతగారు అడిగినారు: “ఎక్కడికమ్మా?”

“ఆ అవ్వను తీసుకుని ఆఫీసుకు వెళ్తున్నాను తాతయ్యా. వేలిముద్ర పడకపోతే వేరే విధంగా గుర్తించి ఇవ్వాలని కాగితం రాశాను. ఈసారి ‘రేపు రండి’ అంటే, ఆ మాటే రాసి సంతకం పెట్టమని అడుగుతాను.”

తాతగారు పారాయణ గ్రంథమును కన్నులకద్దుకొని మూసి, “వెళ్ళిరా తల్లీ. నీ ఉత్తరం వస్తే నేను చూస్తాలే,” అన్నారు.

కోరిన ద్వారము తెఱచుకొనవచ్చును, తెఱచుకొనకపోవచ్చును. అది మన చేతిలో లేదు. కాని ఆ ద్వారము ముందు నిలిచిన కాలమున, మన ద్వారము ముందు ఎవరు నిలిచియున్నారో వెనుదిరిగి చూచుట మన చేతిలో ఉన్నది. అట్లు చూచినవాని ఎదురుచూపు వ్యర్థము కాదు. ప్రవేశము లభించినను లభింపకున్నను, ఆ విద్యలోని మొదటి పాఠము అతనికి అప్పటికే వచ్చినది.